మబ్బు తొలగంగనే సోలార్ ప్లాంటు ఆగిపోతున్నది. స్పెయిన్‌ల అయింది, మా సబ్‌స్టేషన్‌ల అయితున్నది ఒకటేనా?

దేవరకొండ ఆపరేటర్ | 12 అక్టోబర్ 2025

అందరికి నమస్తే. నేను దేవరకొండ దిక్కు ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌ల షిఫ్ట్ ఆపరేటర్‌ను. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చదివిన, ఈ కుర్చీల కూసోబట్టి పదకొండేండ్లు. సబ్‌స్టేషన్ పేరు రాస్తలేను. ఎవరినో తప్పు పట్టాలని కాదు, సంగతి సమజ్ కావాలని అడుగుతున్న.

మా దగ్గర 5 ఎంవీఏ ట్రాన్స్‌ఫార్మర్లు రెండు, 11 కేవీ ఫీడర్లు (ఊర్లకు పోయే లైన్లు) ఆరు. నాలుగు ఫీడర్ల మీద బోరు మోటర్లే ఎక్కువ. మూడేండ్ల కింద, మూడు కిలోమీటర్ల అవతల 2 మెగావాట్ల సోలార్ ప్లాంటు పెట్టి, 11 కేవీ లైను గుంజి మా బస్‌కు (అన్ని లైన్లు కలిసే కడ్డీలకు) కలిపిండ్రు. ఎండకాలం దానితోని ఏ రంది లేదు. మోటర్లు నడుస్తుంటయి, ప్లాంటు ఇచ్చింది ఇచ్చినట్టే ఊర్లల్లనే ఖర్చయితది. పైనుంచి మేం గుంజే కరెంటు మధ్యాహ్నం పూట తగ్గుతది. అది చూస్తే నాకు సంబురం అనిపిస్తది, నిజంగ.

వానకాలం వేరే. చెరువులు నిండి బోర్లు బంద్ పెడితే లోడ్ పడిపోతది. ఆగస్టుల ఒకనాడు అయింది రాస్త, నా లాగ్‌షీట్ల నుంచే.

పొద్దుగాల నుంచి ముసురు. 12:50కి బస్ వోల్టేజ్ 11.3 కేవీ. సోలార్ ఫీడర్ ఆంపియర్లు ఇరవై. 1:05కి మబ్బు ఇచ్చుకపోయి ఒక్కసారి ఎండ కొట్టింది. ఆంపియర్లు తొంభై అయిదు దాకా లేసినయి. వోల్టేజ్ 11.6, మళ్ల 11.7. నేను కుర్చీల నుంచి లేసి ప్యానెల్ ముందు నిలబడ్డ. అంతల్నే ఆంపియర్లు సున్నా. మా బ్రేకర్ ట్రిప్ కాలే, రిలే మీద జెండా (తప్పు జరిగిందని చూపే గుర్తు) పడలే. ప్లాంటుల ఇన్వర్టర్లే (ఎండ కరెంటును ఏసీగ మార్చే మిషిన్లు) వాటంతటవి ఆగినయి. వోల్టేజ్ 11.2కు జారింది. ఐదు నిమిషాలకు మళ్ల ఎక్కినయి, మళ్ల 11.7, మళ్ల సున్నా. గంటన్నరల నాలుగుసార్లు. మధ్యల ఆరోగ్య ఉపకేంద్రం నుంచి ఏఎన్ఎం అక్క ఫోన్ చేసింది: "టీకాల ఫ్రిజ్ స్టెబిలైజర్ ఊకె టక్కుటక్కుమంటున్నది తమ్మీ, పంపు సరిగ్గ, లేకుంటే మొత్తం తీసెయ్" అని. మొత్తం తీసేస్తే టీకాలు ఖరాబయితయి. ఏం చెప్పాల్నో తెలువలే. "చూస్తున్న అక్కా" అన్న.

నా బిడ్డ నల్లగొండల ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్) చదువుతున్నది. పోయిన వారం ఇంటికొచ్చినప్పుడు స్పెయిన్ సంగతి చదివి వినిపించింది. ఈ ఏడు ఏప్రిల్ 28న, మధ్యాహ్నం 12:33కి, స్పెయిన్, పోర్చుగల్ రెండు దేశాలు కొన్ని సెకండ్లల్ల చీకటయినయట. కారణం ఏందంటే వోల్టేజ్ పడిపోవుడు కాదట, పెరుగుడట. యూరప్ నిపుణుల కమిటీ మొన్న అక్టోబర్ 3న రిపోర్టు పెట్టింది, ఇసొంటిది యూరప్‌ల మొదటిసారి అని రాసిండ్రు అని చెప్పింది. నేను అన్నం తింటున్నోన్ని చెయ్యి ఆపిన. ఎండ మంచిగ ఉన్న పూట, లోడ్ తక్కువున్నప్పుడు, వోల్టేజ్ లేసి ప్లాంట్లు వాటంతటవి ఆగుడు. నేను నాలుగుసార్లు కండ్లార చూసిందే గద.

నావి రెండు సవాళ్లు. ఒకటి, మా దగ్గర అయితున్నది అదేనా, వేరేనా? రెండు, దేశాల గ్రిడ్ వాళ్లు ఒకరి సంగతులు ఒకరు పంచుకుంటరు, కూడి పని చేస్తరు అని బిడ్డ అంటున్నది. అట్ల పంచుకున్నది మా అసొంటి సబ్‌స్టేషన్ దాకా వస్తదా? మా దగ్గర కనబడ్డది పైకి పోతదా? నా లాగ్‌షీట్లు నెలాఖరుకు కట్ట కట్టి బీరువల పెడుతున్న. పదకొండేండ్ల కట్టలు అట్లనే ఉన్నయి.

పాలమూరు పాత డిస్పాచర్ | 12 అక్టోబర్ 2025

తమ్మీ, నీ రాత చదివితే మళ్ల డెస్క్ ముందు కూసున్నట్టయింది. మాది వనపర్తి. లోడ్ డిస్పాచ్‌లో (ఎంత కరెంటు ఎటు పోవాల్నో చూసే కంట్రోల్ రూముల) ఇరవై ఆరేండ్లు షిఫ్టులు చేసి 2021లో రిటైరైన.

ముందుగాల నీ సబ్‌స్టేషన్. నువ్వు రాయనిది ఒకటి అడుగుతా. మీ యార్డుల 11 కేవీ కెపాసిటర్ బ్యాంకు ఉందా? ఉంటే ఆ ఆగస్టు మధ్యాహ్నం అది ఆన్‌లో ఉందా?

ఎందుకు అడుగుతున్నానంటే, బోరు మోటరుకు పని చేసే కరెంటుతో పాటు అయస్కాంతం నిలబెట్టుకునే కరెంటు కూడా కావాలి. దాన్నే రియాక్టివ్ పవర్ అంటరు. ఎండకాలం వేల మోటర్లు అది గుంజుతుంటే వోల్టేజ్ కిందికి పోతది, కెపాసిటర్ బ్యాంకు అక్కడికక్కడ అందిచ్చి నిలబెడ్తది. మోటర్లు బంద్ అయినంక కూడా బ్యాంకు ఆన్‌ల ఉంటే తీసుకునేటోడు ఉండడు, వోల్టేజ్ పైకి లేస్తది. సాగర్ ఎడమ కాలువ చూసినోడివే గద. నాట్ల రోజుల్ల ఎన్ని నీళ్లు వదిలినా చివరి తూముకు అందవు. అందరూ తూములు మూసినప్పుడు అవే నీళ్లు వదిలితే గట్టు తెగుతది.

దాని మీద సోలార్. ప్లాంటు మూడు కిలోమీటర్ల అవతల ఉంది. అక్కన్నుంచి కరెంటు నీ దిక్కు రావాలంటే దాని దగ్గర వోల్టేజ్ నీ బస్ కంటే ఎక్కువ ఉండాలి. పెద్ద లైన్ల సంగతి వేరు గానీ, 11 కేవీ తీగల్ల నిరోధం ఎక్కువ, అందుకే మెగావాట్లు తోసిన కొద్దీ అవతలి కొస లేస్తది. నీ మీటరు మీద 11.7 అంటే ఇన్వర్టర్ దగ్గర ఇంకా ఎక్కువ. చిన్న ప్లాంట్లకు మన దేశంల 2013 నుంచి నియమం ఉంది, వోల్టేజ్ 110 శాతం దాటితే 2 సెకండ్లల్ల పక్కకు తప్పుకోవాలి. కాబట్టి ఇన్వర్టర్లు చెడిపోలే. చెప్పిన మాట విన్నయి.

స్పెయిన్‌తో పోలిక: జబ్బు ఒక జాతిదే, నడక వేరు. నీ దగ్గర ప్లాంటు ఆగితే వోల్టేజ్ దిగింది, అందుకే ఊర్లు బతికినయి. అక్కడ ప్లాంటు ఆగితే వోల్టేజ్ ఇంకా పెరిగింది. ఆగిన ప్లాంటు అప్పటిదాకా పీల్చుకుంటున్న రియాక్టివ్ పవర్ పీల్చేటోడు లేకపాయె. పెద్ద లైన్లు మెగావాట్లు తగ్గి ఖాళీ అయితే వాటంతటవే కెపాసిటర్ లెక్క పనిచేస్తయి. ఇంకోటి ఆగుడు, ఇంకా పెరుగుడు. ఆ దేశంల సోలార్, గాలి ప్లాంట్లు పవర్ ఫ్యాక్టర్ (మెగావాట్లకు రియాక్టివ్ పవర్ ఎంత అనే లెక్క) ఒక్క అంకె మీద కట్టేసి నడిపే పద్ధతి. వోల్టేజ్ లేస్తున్నప్పుడు దాన్ని దించే పని వాటికి ఎవరూ అప్పజెప్పలే. ఆ నియమాన్ని జూన్‌ల మార్చిండ్రు. చేతనైనోడిని పక్కన కూసోబెట్టిన్రు తమ్మీ, నాకు బాధ అయ్యేది అక్కడ. ఇప్పటి ఇన్వర్టరుకు వోల్టేజ్ దించుడు, ఎత్తుడు రెండూ వస్తయి.

రెండో సవాలు. గ్రిడ్ వాళ్లు పంచుకుంటరా అంటే, దెబ్బ తిన్నంకనే నేర్చుకున్నరు. 2003ల అమెరికా ఈశాన్యం చీకటయింది, అదే ఏడు ఇటలీ మొత్తం పోయింది. దాని తర్వాత 2004ల ప్రపంచంలోని పెద్ద గ్రిడ్ల ఆపరేటర్లు ఒక సంఘం పెట్టుకున్నరు, తర్వాత దానికి జీఓ15 అని పేరొచ్చింది, మన దేశం కూడా అండ్ల చేరింది. మన దెబ్బ 2012, జూలై 30, 31. రెండోనాడు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం అన్నీ పోయి అరవై కోట్ల మంది చీకట్ల పడ్డరు. మన దక్షిణం బతికింది, ఎందుకంటే అప్పటికి మనం వాళ్లతోని డీసీ లింకుల (ఒక గ్రిడ్ ఊపు ఇంకోదానికి తగలకుండ కరెంటు మాత్రం పంపేటివి) మీదనే కలిసి ఉన్నం. ఆ మధ్యాహ్నం నేను డ్యూటీల ఉన్న. హాలంతా ఫోన్లే. మన ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకండుకు ఎన్నిసార్లు ఊగుతదో ఆ లెక్క, 50 దగ్గర ఉండాలె) మీటరు మాత్రం మన అంకెల మీదనే కదులుతున్నది. "మనం వేరుగుండుడే మంచిగైంది" అన్నరు కొందరు. నేను కూడా అన్న.

తర్వాత 2013 డిసెంబర్ 31 రాత్రి రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైను మీద దక్షిణాన్ని కలిపిండ్రు. రాయచూర్ అంటే కృష్ణ దాటి, మన గద్వాలకు అవతలనే. కలిసినంక నెల రోజులల్ల నా మాట నేనే వాపస్ తీసుకున్న. ఎక్కడో గుజరాత్‌ల పెద్ద యూనిట్ పోతే మన శ్రీశైలం మిషిన్లు తెలియకుండనే కొద్దిగ భుజం పెడ్తయి, మన దగ్గర పోతే వాళ్లు పెడ్తరు. సోలార్ పెరిగిన కొద్దీ ఈ భుజాలు ఇంకా కావాలి. మనకు మబ్బు కమ్మిన గంటల రాజస్థాన్‌ల ఎండ ఉంటది.

పంచుకున్నది పనికొస్తదా అని అడిగితే గ్రహణం ముచ్చట చెప్తా. 2015 మార్చి 20న యూరప్‌ల సూర్యగ్రహణం. ఎండ ఉన్న పొద్దున సోలార్ జారిపోయి, గ్రహణం విడవంగనే ఇంకా జోరుగ ఎక్కుతది. దిగుడు కంటే ఎక్కుడే కష్టం. యూరప్ గ్రిడ్ల వాళ్లు దాదాపు ఏడాది ముందు నుంచి కూడి లెక్కలేసుకున్నరు. ఆ నాడు ఒక దేశం కంట్రోల్ రూము నుంచి ఇంకో దేశం రూముకు ఫోన్ లైన్లు తెరిచే పెట్టుకున్నరు. దీపం ఆరలే. ఏం చేసిండ్రో రాసి పెట్టిండ్రు. మనకు 2019 డిసెంబర్ 26 పొద్దున గ్రహణం వచ్చినప్పుడు ఆ రాతలు నా టేబుల్ మీద ఉన్నయి. మన ఊర్లల్ల గ్రహణం విడిచినంకనే స్నానం, వంట. అంటే సోలార్ ఎక్కే టైముకే మోటర్లు, హీటర్లు కూడా ఎక్కుతయి. ఇది యూరప్ రిపోర్టుల లేదు, మనం కలుపుకున్నం. ఎవరి గడపకు తగ్గట్టు వాళ్లు కలుపుకోవాలి.

ఇప్పుడు చెయ్యాల్సింది. బ్యాంకు ఆన్‌ల ఉంటే మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గారికి చెప్పి, ఆయన ఒప్పుకున్నంకనే, రిజిస్టర్ల రాసి, మధ్యాహ్నం లోడ్ లేని టైముల తీసి చూడు. తీసినంక వెంటనే మళ్ల వెయ్యకు. కనీసం పది నిమిషాలు ఆగాలి, దాంట్లె చార్జి ఉంటది. పైలం.

అచ్చంపేట రైతు | 13 అక్టోబర్ 2025

ఆపరేటర్ అన్నా, నాకు రియాక్టివ్ గియాక్టివ్ తెలువదు గానీ ఒక మాట చెప్తా. మా నాయన కాలంల కరెంటు రాత్రిపూట వచ్చేది. రెండు విడతలు, అది కూడా ఎప్పుడొస్తదో తెలువకపోయేది. టార్చిలైట్ పట్టుకొని చేనుకు పోయేటోళ్లం. మా పెద్దనాయన కొడుకు స్టార్టర్ డబ్బ దగ్గర తడి కాలుతోని పోయిండు, నాకు అప్పుడు పదమూడేండ్లు. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగ్గంటలు ఇచ్చినంక ఆ భయం పోయింది. కానీ ఆటో స్టార్టర్లు మస్తుగున్నయి. కరెంటు పోయి రాంగనే ఊరంతా మోటర్లు ఒక్క సెకండ్ల లేస్తయి. మా ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు అట్లనే పోతది.

నా మోటరు 5 హెచ్‌పీ. బోరు నాలుగు వందల యాభై ఫీట్లు. రాత్రి నడిపితే పొద్దుగాలకు బోరు ఎండుతది, పగలు గంట నడిపి గంట ఆపితే ఊటకు ఊట అందుతది. సోలార్ పగలే వస్తది గద, వ్యవసాయానికి పగలే వాడుకుంటే మీకు మంచిది, మాకు మంచిది. మమ్మల్ని ఎవరన్న అడిగితే "ఫలానా టైముల నడుపుండ్రి" అంటే ఊరంతా కూసోని మాట్లాడుకుంటం. అడిగినోళ్లు లేరు. మీరు అడుగుండ్రి.

మిర్యాలగూడ టు జర్మనీ | 13 అక్టోబర్ 2025

నమస్తే ఆపరేటర్ అన్నా, నమస్తే సార్. నేను మిర్యాలగూడ అమ్మాయిని, ఇక్కడ జర్మనీలో పవర్ సిస్టమ్స్‌లో పరిశోధన చేస్తున్నాను. దామరచర్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు చిమ్నీలు మా మేనత్త వాళ్ల డాబా మీది నుంచి కనబడతాయి. అన్న అడిగిన రెండో ప్రశ్న నన్ను రాత్రంతా పట్టుకుంది, అందుకే రాస్తున్నాను.

చిన్న ప్లాంట్ల సంగతి పెద్ద గ్రిడ్‌కు ఎందుకు కావాలో జర్మనీ కష్టపడి నేర్చుకుంది. ఇక్కడ ఇళ్ల మీద సోలార్ మొదలైన రోజుల్లో, ఫ్రీక్వెన్సీ 50.2 హెర్ట్జ్ దాటగానే ఇన్వర్టర్ ఆగిపోవాలని నియమం పెట్టారు. అప్పుడు ఒక్కో ఊళ్లో నాలుగైదు ఇళ్లు, అది జాగ్రత్తే. ఆ ఇళ్లు లక్షలయ్యాయి. అన్నిటిలోనూ అదే అంకె. ఎప్పుడైనా ఫ్రీక్వెన్సీ 50.2 తాకితే వేల మెగావాట్లు ఒకే క్షణంలో మాయమై, ఎక్కువైన ఫ్రీక్వెన్సీ పాతాళానికి పడిపోయేది. అది ఊహ కాదు. 2006 నవంబర్ 4 రాత్రి, ఎమ్స్ నది మీద ఓడ దాటడానికి ఒక లైను ఆపితే యూరప్ గ్రిడ్ మూడు ముక్కలైంది, ఒక ముక్కలో ఫ్రీక్వెన్సీ అలాగే పైకి పోయింది. చివరికి 2012లో చట్టం తెచ్చి సుమారు 3 లక్షల 15 వేల ప్లాంట్లకు మనుషుల్ని పంపి ఆ అంకె మార్పించారు. 50.2 దాటితే ఒక్కసారి ఆగడం కాదు, మెల్లమెల్లగా తగ్గడం. ఒక్క అంకె కోసం ఇంటింటికీ తిరిగారు. ఈ సంగతిని వాళ్లు దాచుకోలేదు. తర్వాత సోలార్ పెట్టిన దేశాలకు తమ నియమాలు రాసేటప్పుడు దీన్ని చదువుకునే వీలు దొరికింది.

2021 ఏప్రిల్‌లో బ్రిటన్, ఐర్లాండ్, డెన్మార్క్, ఆస్ట్రేలియా, క్యాలిఫోర్నియా, టెక్సస్ గ్రిడ్ ఆపరేటర్లు ఆరుగురు కలిసి జీ-పీఎస్‌టీ అనే కూటమి పెట్టారు. వాళ్లందరి దగ్గరా గాలి, ఎండ వాటా ముందే పెరిగిపోయింది, పుస్తకాల్లో జవాబు లేని ప్రశ్నలు వాళ్లకే ముందు ఎదురయ్యాయి. ఐర్లాండ్ చిన్న దీవి. ఏ క్షణంలోనైనా గ్రిడ్‌లో గాలి, సోలార్, డీసీ దిగుమతులు కలిపి 50 శాతం దాటకూడదని మొదలుపెట్టి, కొంచెం పెంచడం, నెలల తరబడి చూడడం, మళ్లీ పెంచడం. 2022కు 75 శాతానికి వచ్చారు. నాకు ఆ ఓపిక చాలా ఇష్టం. దక్షిణ ఆస్ట్రేలియాది ఇంకో కథ. 2016 సెప్టెంబర్ 28న తుఫానులో టవర్లు కూలాయి, గాలిమరల్లో ఎవరూ చూడని ఒక సెట్టింగు ఉంది, కొద్దిసేపట్లో ఇన్నిసార్లు వోల్టేజ్ కుంగితే ఆగిపోవాలని. గాలిమరలు ఆగాయి, రాష్ట్రం మొత్తం పోయింది. మళ్లీ సెట్టింగే అన్నా! రాజస్థాన్‌లో 2022 నుంచి వెయ్యి మెగావాట్లు దాటిన సోలార్ ఒక్కసారిగా పడిపోయిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. వాటిలోనూ వెతికితే కనబడేది చాలావరకు ఇన్వర్టర్ వోల్టేజ్‌కు ఎలా స్పందించింది అన్నదే.

మన దేశం తీసుకునే వైపే ఉందని అనుకోవద్దు. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పినప్పుడు దేశం డిమాండు 31 వేల మెగావాట్లు పడి మళ్లీ లేచింది. జలవిద్యుత్తును దించి ఎక్కించి గ్రిడ్‌ను నిలబెట్టారు. దాని మీద మన వాళ్లు రాసిన రిపోర్టును ఇక్కడ మా ప్రొఫెసర్ క్లాసులో చూపించాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పక్క దేశాలతోనూ అంతే. బంగ్లాదేశ్‌తో 2013 నుంచి డీసీ లింకు ఉంది, పోయిన ఏడాది నవంబర్‌లో నేపాల్ నీటి కరెంటు 40 మెగావాట్లు మన తీగల మీదుగా బంగ్లాదేశ్‌కు వెళ్లింది. తక్కువే, కానీ మూడు దేశాల కంట్రోల్ రూములు ఒకే షెడ్యూలు మీద పనిచేశాయి.

అన్నా, నీ బీరువాలో కట్టల గురించి. నేను ఇక్కడ రోజూ కంప్యూటర్‌లో గ్రామీణ ఫీడర్లను గీస్తాను. మబ్బు తొలగగానే మూడు కిలోమీటర్ల లైను చివర వోల్టేజ్ ఎంత లేస్తుందో లెక్క కడతాను. నువ్వు రాసిన 20 నుంచి 95 ఆంపియర్లు, 11.3 నుంచి 11.7 లాంటి నిజమైన అంకెలు దొరకడం ఎంత కష్టమో నీకు తెలియదు. మీ ఏఈ గారి అనుమతితో, ఊరి పేరు లేకుండా, ఒక వారం అంకెలు రాస్తావా? టైము, సోలార్ ఆంపియర్లు, బస్ వోల్టేజ్, బ్యాంకు ఉందా లేదా. ఈ నాలుగు చాలు.

దేవరకొండ ఆపరేటర్ | 15 అక్టోబర్ 2025

సార్, దండం పెడుతున్న. బ్యాంకు ఉంది. 2 ఎంవీఏఆర్ (రియాక్టివ్ పవర్ కొలత). ఆన్‌లనే ఉంది. యాసంగిల లోడ్ కోసం ఏసినది, తీసుడు ఎవరం యాది చేయలే. నా కండ్ల ముందటనే యార్డుల ఉంది, రోజు దాని పక్క నుంచే నడుస్త.

నిన్న ఏఈ సార్‌కు మీ రాత మొత్తం సదివి వినిపించిన. ఆయన కొద్దిసేపు మాట్లాడలే. తర్వాత లెక్కేసిండు, ప్లాంటు సూపర్‌వైజర్‌ను పిలిపిచ్చిండు. ఇన్వర్టర్ల సెట్టింగు మొదటిసారి అడిగినం. పవర్ ఫ్యాక్టర్ ఒకటి మీద కట్టేసి ఉందట, పెట్టిన నాటి నుంచి. స్పెయిన్ లెక్కనే. అది మార్చాలంటే పైనుంచి కాయితం కావాలె, సార్ రాస్తనన్నడు. బ్యాంకు తీసుడు మా చేతిల ఉంది కాబట్టి ఇయ్యాల 11:30కి తీసినం, నేనే ఆపరేట్ చేసిన, సార్ పక్కన నిలబడ్డడు.

అచ్చంపేట అన్నా, మీ మాట కూడా చెప్పిన. వ్యవసాయ ఫీడర్ల మీద ఉన్న మూడు ఊర్ల రైతులతోని యాసంగి నాట్ల ముందు కూసుందామన్నడు. ఆటో స్టార్టర్ల ముచ్చట కూడా అప్పుడే. మీ పెద్దనాయన కొడుకు సంగతి చదివినంక నాకు రాత్రి నిద్ర పట్టలే.

దేవరకొండ ఆపరేటర్ | 22 అక్టోబర్ 2025

చెల్లే, ఏఈ సార్ సరే అన్నడు. వారం అంకెలు ఇవి, పెద్దగ తేడా ఉన్నవే రాస్తున్న.

16వ తారీఖు, బ్యాంకు ఆఫ్. 12:40కి మబ్బు తొలగింది. సోలార్ 30 నుంచి 92 ఆంపియర్లు. వోల్టేజ్ 11.1 నుంచి 11.4. ప్లాంటు ఆగలే.

18, బ్యాంకు ఆఫ్. పొద్దంత ఎండ. 98 ఆంపియర్లు. 11.4. ఆగలే.

19, సాయంత్రం ఆరింటికి లోడ్ ఎక్కింది, బ్యాంకు ఏసినం. తెల్లారి, 20 నాడు, పొద్దుగాల తీయాల్సిన టైముకు 33 కేవీ లైను మీద పని ఉండి మర్చినం. 12:15కి 11.6, 12:17కి ప్లాంటు ఆగింది. ఒక్కసారి. తీసి, ఐదు నిమిషాలకు ప్లాంటు ఎక్కినంక 11.4. మళ్ల ఆగలే.

21, ముసురు. మబ్బు పోతుంది, వస్తుంది. గంటల ఐదుసార్లు ఆంపియర్లు ఇరవై అయిదుకు పడి ఎనభైకి లేసినయి. వోల్టేజ్ 11.1కి, 11.4కి మధ్యల ఊగింది. ఆగలే. నేను అన్నం డబ్బ ప్యానెల్ కాడికే తెచ్చుకొని చూసుకుంట తిన్న.

ఏఎన్ఎం అక్కకు నేనే ఫోన్ చేసి అడిగిన. స్టెబిలైజర్ సప్పుడు చేస్తలేదట.

పాత కట్టలు దించిన. మూడేండ్ల ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్ షీట్లు వేరు చేస్తున్న, బిడ్డ దీపావళికి వచ్చింది కాబట్టి ఫోన్ల ఎక్కిస్తున్నది. 2023 సెప్టెంబర్‌ల కూడా ఇట్ల ఆగినయి తొమ్మిది రోజులు దొరికినయి ఇప్పటికి. నా చేతిరాతనే, "సోలార్ ఆంప్స్ నిల్" అని రాసి ఊకున్న. బ్యాంకు సంగతి అప్పటి షీట్లల్ల రాయలే, అందుకు ఒక గడి ఇప్పుడు గీసిన. కొండమల్లేపల్లి, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ దిక్కు సోలార్ కలిపిన సబ్‌స్టేషన్ల ఆపరేటర్లు ఎవరన్న ఇది చదువుతుంటే, మీ బ్యాంకు మధ్యాహ్నం ఆన్‌ల ఉందో లేదో చూసి ఇక్కడ రాయుండ్రి. మీ ఏఈకి చెప్పి రాయుండ్రి. నా షీట్లు శుక్రవారం కల్ల పెడుత.